అక్టోబరులో పాటియో వద్దనండి

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో మినియాపొలిస్ పక్కన ఇల్లు కొనుక్కున్నారు. పెరట్లో కూర్చోవడానికి పాటియో, గ్యారేజీ నుంచి ముందు గుమ్మం దాకా నడకదారి, రెండూ స్టాంప్డ్ కాంక్రీటుతో వేయించాలని వాళ్ల ఆలోచన. అక్టోబరు ఆఖరివారంలో పోయించుకుంటే రేటు తగ్గిస్తానని కాంట్రాక్టరు అంటున్నాడట. అయితే పక్కింటాయన వేయించుకున్నది మూడో చలికాలానికే పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. నేను బ్యాంకులో చేసి రిటైరయ్యాను. రెండు ఇళ్లు దగ్గరుండి కట్టించాను కదా అని "మామయ్యగారూ, మీరేమంటారు?" అని అల్లుడు అడుగుతున్నాడు. మంచు సంగతి నాకేం తెలుసు? పైగా ఫొటోలు చూసిన దగ్గర్నుంచి ఎండాడలో మా ఇంటి ముందు కూడా అదే వేయించమని మా ఆవిడ పట్టుబడుతోంది. రెండింటికీ జవాబు చెప్పగలరు.
ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీ అల్లుడుగారికి ముందు టూకీగా చెప్పేయండి. పెరట్లో పాటియోకి స్టాంప్డ్ కాంక్రీటు వేయించుకోవచ్చు, బాగుంటుంది. గ్యారేజీ నుంచి గుమ్మానికి వెళ్లే నడకదారికి మాత్రం నేనైతే వద్దంటాను. ఇక అక్టోబరు ఆఖరివారం అన్న మాటకి, ఎంత రేటు తగ్గించినా సరే, ఒప్పుకోవద్దు. ఎందుకో చెబుతాను. రెండు ఇళ్ల స్లాబులు దగ్గరుండి పోయించారు కాబట్టి ఈ లెక్కలు మీకు సులువుగానే అందుతాయి.

ఈ పద్ధతి చూడనివాళ్ల కోసం రెండు మాటలు. ఇది మన స్లాబు కాంక్రీటే. సిమెంటు, ఇసుక, కంకర, నీళ్లు. నేల మీద నాలుగు అంగుళాల మందాన పోసి, బద్దతో చదును చేసి, గట్టిపడకముందే పాలియురేథేన్ అచ్చులు పరిచి వాటి మీద తొక్కుతారు, లేదా దిమ్మిసతో కొడతారు. రాతిపలక, ఇటుక, చెక్క, ఏ అచ్చు వేస్తే ఆ రూపం వస్తుంది. అచ్చు అంటుకోకుండా ముందుగా రిలీజ్ ఏజెంట్ అనే పొడిగానీ ద్రవంగానీ చల్లుతారు. రంగు మిశ్రమంలోనే కలిపితే మందమంతా రంగే ఉంటుంది. లేదంటే కాంక్రీటు పచ్చిగా ఉన్నప్పుడే పైన రంగుపొడి చల్లి రుద్దుతారు. అంతా ఆరాక సీలర్, అంటే నీరు ఇంకకుండా కాపాడే పూత, పూస్తారు. కాంట్రాక్టరు మన చేతిలో పెట్టే క్యాటలాగులో ఉండేది ఈ అచ్చులూ రంగులే. మంచు పడే ఊళ్లో మాత్రం పాటియో ఎన్నాళ్లుంటుందో తేల్చేది ఆ రంగు కింద ఉన్న బూడిద రంగు కాంక్రీటు. దాని గురించి క్యాటలాగులో ఒక్క ముక్క ఉండదు.

కాంక్రీటు పైకి బండలా కనిపించినా లోపలంతా కంటికి ఆనని రంధ్రాలే. వాన నీరైనా, కరిగిన మంచైనా అందులోకి ఇంకుతుంది. నీరు గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతుంది. నిండా నీళ్లు పోసి మూత బిగించిన గాజు సీసాను ఫ్రీజర్లో పెట్టి మరిచిపోతే ఏమవుతుందో అందరికీ తెలిసిందే, ఇక్కడా అదే. మినియాపొలిస్‌లో జనవరి రాత్రుళ్లు సగటున మైనస్ 13 డిగ్రీల దగ్గర ఉంటాయి. అయితే వింతేమిటంటే, గడ్డుచలి పెద్దగా హాని చేయదు. గడ్డకట్టి అలాగే ఉండిపోయిన కాంక్రీటు నెలల తరబడి నిమ్మళంగా ఉంటుంది. మార్చి నెలలో పగలు కరిగి, రాత్రి మళ్లీ గడ్డకట్టి, తెల్లారాక మళ్లీ కరిగే రోజులుంటాయి చూడండి, ఆ రోజులే దాన్ని తినేస్తాయి. ఒక్కో విడతకి పైపొర కాస్త కాస్త వదులైపోతూ వస్తుంది.

దీనికి విరుగుడు గాలి. 1930లలో అమెరికాలో కొన్ని రోడ్లు పక్క రోడ్ల కన్నా చలికాలాన్ని బాగా తట్టుకుంటున్నాయని ఇంజనీర్లు గమనించారు. ఆరా తీస్తే, వాటికి వాడిన సిమెంటులో, నూరేటప్పుడు, కొవ్వు, నూనె లాంటివి కలిశాయని, వాటివల్ల కాంక్రీటు నిండా అతి సన్నని గాలి బుడగలు ఏర్పడ్డాయని తేలింది. అప్పట్నుంచి ఆ బుడగలు పుట్టించే మందును కావాలనే కలుపుతున్నారు. దాని పేరు ఎయిర్ ఎంట్రెయినింగ్ అడ్మిక్స్చర్. గడ్డకట్టి ఉబ్బే నీటికి పక్కనే ఖాళీ జాగా దొరుకుతుంది కాబట్టి గోడల మీద ఒత్తిడి పడదు. ఆ జాగా కూడా మరీ దగ్గరలో ఉండాలి. సిమెంటు ముద్దలో ఎక్కడి నుంచి చూసినా 0.2 మిల్లీమీటర్ల లోపే ఒక బుడగ ఉండాలని లెక్క. మన మేస్త్రీలు వైబ్రేటరు పెట్టి బయటికి తోసేసే పెద్ద గాలి గుల్లలు వేరు, ఇవి వేరు. "కాంక్రీటులో గాలి ఉండాలట" అని ఇక్కడ మీ మేస్త్రీతో అంటే నవ్వుతాడు. అతని తప్పేం లేదు, విశాఖలో ఆ అవసరం అతనికెప్పుడూ రాలేదు.

అల్లుడుగారు కాగితం మీద రాసుకోవాల్సిన అంకెలు మూడే. మన 20 ఎంఎం కంకర సైజుకి దగ్గరగా ఉండే కాంక్రీటులో గాలి 6 శాతం ఉండాలి, ఒకటిన్నర శాతం అటూ ఇటూ పర్వాలేదు. నీళ్లకీ సిమెంటుకీ నిష్పత్తి 0.45 దాటకూడదు. బలం 4500 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఉండాలి. ఈ చివరిది అమెరికావాళ్లు సిలిండరు పగలగొట్టి చెప్పే అంకె. మనం క్యూబు పగలగొట్టి చెబుతాం కాబట్టి మన లెక్కలో అది ఎం35, ఎం40 గ్రేడుల మధ్య పడుతుంది. ఇళ్లకి మనం మామూలుగా వాడే ఎం20, ఎం25 అక్కడ చాలవు. మినియాపొలిస్ రెడీమిక్స్ ప్లాంట్లకి ఇదంతా రోజూ చేసే పనే, ఆర్డరిచ్చేటప్పుడు చెబితే చాలు.

చిక్కల్లా లారీ ఇంటి ముందు ఆగాక మొదలవుతుంది. పోసే రోజున అల్లుడుగారిని సెలవు పెట్టి లారీ దగ్గర నిలబడమనండి. డ్రైవరు చేతిలో ఒక టికెట్ ఉంటుంది. ఏ మిక్సు, ప్లాంటులో ఎన్నింటికి లోడయింది, అక్కడ ఎన్ని నీళ్లు పోశారు అన్నవి అచ్చయి ఉంటాయి. కింద ఎక్కడో, సైటులో కలిపిన నీళ్లు రాయడానికి ఒక గడి ఉంటుంది. కన్ను వేయాల్సింది దాని మీదే. "గట్టిగా ఉంది, ఇంకాస్త నీళ్లు వదులు" అనే మాట గాజువాకలోనూ వినిపిస్తుంది, మినియాపొలిస్‌లోనూ వినిపిస్తుంది. స్టాంపింగ్ చేసేవాళ్లకి ఆ ఆశ ఇంకాస్త ఎక్కువ, కాంక్రీటు మెత్తగా ఉంటే అచ్చు చక్కగా దిగుతుంది మరి. మెత్తదనం కావాలంటే ప్లాస్టిసైజర్, అంటే నీళ్లు పెంచకుండానే కాంక్రీటుని మెత్తబరిచే మందు, కలపమనాలి. నీళ్లు కలిపితే 0.45 అనే అంకె ఆ క్షణంలోనే పోతుంది. గాలి ఎంతుందో కొలవడానికి, మూత బిగించి పంపు కొట్టే ఒక గిన్నె ఉంటుంది, మూత మీద మీటరు ఉంటుంది. లారీ నుంచి కాస్త కాంక్రీటు తీసి అందులో కూరితే కొద్ది నిమిషాల్లో శాతం తెలిసిపోతుంది. ఒక్క ఇంటి పనికి ఇంత రాద్ధాంతమా అని విసుక్కునే కాంట్రాక్టరైతే అడ్వాన్సు ఇవ్వకముందే ఆగిపోవడం మేలు.

కాంక్రీటు మంచిదే వచ్చినా చేతిపనిలో చెడగొట్టొచ్చు. పోసి చదును చేసిన కాసేపటికి పైన నీళ్లు తేలతాయి, ఎండ పడితే తళతళలాడుతుంది. ఆ తడి ఆరిపోయి పైన మసకబారేదాకా తాపీ ముట్టకూడదు. మన దగ్గర ఏం చేస్తారో మీరు చూసే ఉంటారు. తేలిన నీళ్ల మీద గుప్పెళ్లతో పొడి సిమెంటు చల్లి, తాపీతో గట్టిగా రుద్ది నునుపు తెస్తారు. మెట్ల కింద గదిలో అయితే గడిచిపోతుంది. గడ్డకట్టే చలిలో ఆరుబయట ఇదే పని చేస్తే పైన పలచని సిమెంటు పాల పొర ఏర్పడి, దాని కింద నీరు చిక్కుకుంటుంది. ఎక్కువసేపు రుద్దడం వల్ల పైపొరలో ఉన్న సన్నని బుడగలు కూడా పోతాయి. లోపలంతా రాయిలా ఉండి, పైన రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రం దిక్కులేనిదైపోతుంది. మంచు, ఉప్పు తగిలేది ఆ రెండు మూడు మిల్లీమీటర్లకే.

రంగుపొడి గురించి నా అభిప్రాయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. గాలి ఎక్కువున్న కాంక్రీటులో పైకి తేలే నీరు తక్కువ, అందుకని చల్లిన రంగుపొడి త్వరగా తడవదు. అది తడవడం కోసం పనివాడు బ్రష్షుతో నీళ్లు చిలకరిస్తాడు. దాంతో రంగు అక్కడక్కడా పలచబడుతుంది, పైపొర బలహీనపడుతుంది. రంగుపొడి సరిగ్గా పడితే పైభాగం గట్టిపడి పార గీతలకి తట్టుకుంటుందని వాదించేవాళ్లున్నారు, అది నిజమే. కానీ "సరిగ్గా పడితే" అన్నది ఆ రోజు వచ్చిన మనిషి చేతిలో ఉంది. మిశ్రమంలోనే రంగు కలిపించడం నాకు నయమనిపిస్తుంది. ఎప్పుడైనా చిన్న పెచ్చు లేచినా కింద బూడిద రంగు బయటపడదు.

పక్కింటాయనతో మాటలున్నాయి కాబట్టి ఆయన పాటియోని అల్లుడుగారు ఒకసారి వంగి దగ్గర్నుంచి చూస్తే మంచిది. చాలాచోట్ల పలచగా పొర లేచి లోపలి కంకర కనిపిస్తుంటే అది గాలి తక్కువవడమో, నీళ్లు ఎక్కువవడమో, ఉప్పు దెబ్బో. చిన్న సుత్తితో తడితే గుల్ల శబ్దం వచ్చి, అరచేయంత పలకలుగా ఊడుతుంటే తొందరపడి తాపీ వేశారని అర్థం. అలా కాక అక్కడొకటి అక్కడొకటి గోళీ పట్టేంత గుంటలు పడి, గుంట అడుగున మెత్తటి రాయి ముక్క కనిపిస్తే తప్పు మేస్త్రీది కాదు. మిన్నెసోటా కంకరలో షేల్ అనే నీరు పీల్చే రాయి కలిసి వస్తుంది, అది ఉబ్బి పైన ఉన్న సిమెంటుని తోసేస్తుంది. చూడటానికి బాగోదు గానీ పాటియోకి ప్రమాదమేమీ లేదు. ఈ మూడింటిలో ఏది జరిగిందో తెలిస్తే తన కాంట్రాక్టరును ఏం అడగాలో అల్లుడుగారికే తెలుస్తుంది.

ఇక అక్టోబరు సంగతి. మినియాపొలిస్‌లో ఆ నెలలోనే గడ్డకట్టే రాత్రుళ్లు మొదలవుతాయి. పచ్చి కాంక్రీటు కనీసం 500 పీఎస్‌ఐ బలం అందుకోకముందే ఒక్కసారి గడ్డకట్టినా జన్మంతా బలహీనంగానే ఉంటుంది. వెచ్చగా ఉంచితే ఆ బలం ఒకటి రెండు రోజుల్లో వచ్చేస్తుంది. "ఇన్సులేషన్ దుప్పట్లు కప్పుతాం, టెన్షన్ పడకండి" అని కాంట్రాక్టరు అనేది ఆ ధైర్యంతోనే. కానీ ఒక రాత్రి చలికి తట్టుకోవడం వేరు, ఉప్పునీళ్లలో నాని పదే పదే గడ్డకట్టడానికి తట్టుకోవడం వేరు. ఈ రెండో దానికి 4000 పీఎస్‌ఐ దాటాలి, ఆ పైన కొన్ని వారాలు ఆరి లోపలి తడి తగ్గాలి. నవంబరు చలిలో బలమూ మెల్లగానే వస్తుంది, ఆరడమూ అంతే. తడి తడిగానే మొదటి చలికాలంలోకి వెళ్లిపోతుంది. పైగా చలికి త్వరగా గట్టిపడడం లేదని కాల్షియం క్లోరైడ్ కలిపితే రంగు కాంక్రీటు మచ్చలు మచ్చలుగా తేలుతుంది. దుప్పట్లు, ప్లాస్టిక్ షీట్లు ఆనిన చోట కూడా మచ్చలే. చల్లటి తడి నేల మీద సీలర్ సరిగా పట్టదు. రేటు ఎందుకు తగ్గిస్తున్నాడంటే ఆ నెలలో అతని మనుషులకి పని తక్కువ కాబట్టి. జూన్ నుంచి ఆగస్టు దాకా ఎప్పుడు పెట్టుకున్నా పర్వాలేదు. సెప్టెంబరు మొదటి పదిరోజులు దాటితే వచ్చే ఏడు చూసుకోమనండి. ఒక్క వేసవి పాటియో లేకపోతే కొంపేం మునిగిపోదు.

కింద నేల గురించి మీరు విశాఖ అనుభవంతో చెబితే పొరపాటు పడే చోటు ఒకటుంది. ఆ ప్రాంతంలో నేల ఎంత లోతు దాకా గడ్డకడుతుందో చూసుకుని, ఇంటి పునాది కనీసం 42 అంగుళాలు దింపాలని అక్కడి నిబంధన. పాటియోకి అంత లోతు ఎవరూ తవ్వరు. కాబట్టి చలికాలంలో ఇల్లు కదలదు, పాటియో కదులుతుంది. కింది మట్టిలో నీరు మంచు పొరలుగా పేరుకుని పలకను పైకెత్తుతుంది, ఎండాకాలానికి మళ్లీ దింపుతుంది. మనమైతే గట్టిగా ఉంటుందని ఊచలు దోపి ఇంటి గోడకి కట్టేస్తాం. అక్కడ ఇంటికీ పాటియోకీ మధ్య ఫోం పట్టీ పెట్టి విడదీయాలి, కదిలేదాన్ని కదలనివ్వాలి. కింద బంకమట్టి తీసేసి, నీరు దిగిపోయే కంకర నాలుగు నుంచి ఆరు అంగుళాలు పరిచి దిమ్మిస కొట్టించాలి. వాటం ఇంటి వైపు నుంచి బయటికి అడుగుకి పావు అంగుళం చొప్పున ఇవ్వాలి. ఎనిమిది పది అడుగులకొక జాయింటు, అంటే బీట వస్తే దాని వెంబడే వచ్చేలా చేసే గాడి, అంగుళం లోతున కోయించాలి. డిజైను మధ్యలో గీత బాగోదని ఇళ్లవాళ్లే వద్దంటారు, తర్వాత బీట వచ్చాక బాధపడతారు. అచ్చులో ఉన్న రాతి గీత వెంబడే జాయింటు వచ్చేలా ముందే గీసుకుంటే ఆ గొడవ లేదు.

నడకదారి ఎందుకు వద్దన్నానో ఇప్పుడు చెబుతాను. పెరటి పాటియో మీద చలికాలంలో ఎవరూ కూర్చోరు. మంచు పడితే పడి ఉంటుంది, దాని జోలికి వెళ్లక్కర్లేదు. గుమ్మానికి వెళ్లే దారి అలా కాదు. రోజూ నడవాలి, పోస్టు వచ్చే దారి, పిల్లలు బస్సెక్కే దారి. జారకుండా ఉప్పు చల్లక తప్పదు. ఉప్పు కాంక్రీటుని కొరికేస్తుందని అనుకుంటారు గానీ అది చేసే పని వేరు. మంచును కరిగించి నీరు చేస్తుంది, ఆ నీటిని ఆరనివ్వదు, గడ్డకట్టి కరిగే విడతల్ని పెంచుతుంది. అన్నిటికన్నా ఎక్కువ పెచ్చులు లేచేది గాఢమైన ఉప్పునీటితో కాదు, సుమారు 3 శాతం ఉన్న పలచటి ఉప్పునీటితో. మన బంగాళాఖాతం నీటిలో ఉండే ఉప్పుకి దగ్గర దగ్గర అంతే. చల్లిన ఉప్పు కరిగి పలచబడుతూ పోయి ఎక్కడో ఒకచోట ఆ శాతానికి చేరుతుంది.

అందుకని దారికి మామూలు కాంక్రీటు పోయించి, చీపురు గీతల ఫినిషింగ్ ఇప్పించమనండి. గాలి, నీళ్ల లెక్క దానికీ అదే. పైన అచ్చు పని, రుద్దుడు లేవు కాబట్టి పైపొర చెడే అవకాశం తక్కువ, కాలు కూడా జారదు. అందం కావాలంటే పేవర్ బ్లాకులు ఉన్నాయి, నాలుగు బ్లాకులు పాడైతే లేపి వేరేవి పెట్టుకోవచ్చు. స్టాంప్డ్ కాంక్రీటులో ఒక మూల పాడైతే అతుకు వేసిన రంగు పాత రంగుతో ఎప్పటికీ కలవదు. ఇవన్నీ విని కూడా దారికి అదే కావాలంటే, మొదటి చలికాలం ఏ ఉప్పూ చల్లకుండా ఇసుకతో గడపమనండి. ఆ తర్వాత కూడా కరిగిన ముద్దని వెంటనే పారతో తీసేయాలి. అమ్మోనియం సల్ఫేట్, అమ్మోనియం నైట్రేట్ ఉన్న మంచు మందులు మాత్రం ఏ రోజూ వాడకూడదు. అవి ఎరువులు, అవి నిజంగానే కాంక్రీటుని కొరుకుతాయి. కాంట్రాక్టు కాగితంలో ఉప్పు వల్ల వచ్చే నష్టానికి బాధ్యత లేదని సాధారణంగా ఒక వాక్యం ఉంటుంది, సంతకం చేసేముందు చూసుకోమనండి. మంచు తీసే పార ప్లాస్టిక్‌ది కొనమనండి, ఇనుప అంచు తగిలితే అచ్చు ఎత్తుగా ఉన్నచోటల్లా రంగు గీరుకుపోతుంది.

సీలర్లలో మెరుపునిచ్చే అక్రిలిక్ రకం ఫొటోలకి బాగుంటుంది, తడిస్తే జారుతుంది. తప్పనిసరైతే అందులో సన్నని గరుకు పొడి కలిపించాలి, రెండు మూడేళ్లకోసారి మళ్లీ పూయాలి. మందంగా పూస్తే కింద తడి చిక్కుకుని తెల్లగా పాలిపోతుంది. సైలేన్, సైలాక్సేన్ రకాలు లోపలికి ఇంకి నీటిని రానివ్వవు, లోపలి ఆవిరిని మాత్రం బయటికి వదులుతాయి. మెరుపు ఉండదు. నా ఓటు వాటికే.

ఇప్పుడు ఎండాడ. కాంక్రీటు పనికి మన దేశపు ప్రమాణమైన 2000 నాటి ఐఎస్ 456 లో, కాంక్రీటు ఎలాంటి వాతావరణంలో ఉందో చూసి నాణ్యత నిర్ణయించే పట్టిక ఒకటుంది. సముద్రపు తుంపర తగిలే కాంక్రీటు, తడిగా ఉండగా తీవ్రంగా గడ్డకట్టే కాంక్రీటు, రెండూ అందులో ఒకే వరసలో ఉన్నాయి. ఆర్కే బీచ్ ఒడ్డున ఉన్న ప్రహరీ గోడా, మినియాపొలిస్ పాటియో ఆ పట్టిక దృష్టిలో ఒకటే. ఎండాడలో మీ ఇంటికి తుంపర నేరుగా తగలదు, తీరప్రాంతపు గాలి తగులుతుంది, కాబట్టి ఒక మెట్టు కింద. అయినా తేలికగా తీసుకునేది కాదు. మీ ఇంటి గ్రిల్సు, ఏసీ బయటి యూనిట్టు ఎన్నాళ్లకి తుప్పు పట్టాయో గుర్తు తెచ్చుకోండి.

మనకి గాలి బుడగలతో పనిలేదు. గడ్డకట్టే చలి అంటే లంబసింగి వెళ్లాల్సిందే, అక్కడా పొద్దెక్కితే పోతుంది. మన శత్రువు ఇనుము. నాలుగు అంగుళాల పలకలో అడుగున మెష్ పడేసి పోస్తే, ఉప్పుగాలి తడితో కలిసి దిగి ఆ ఊచ తుప్పుపట్టి ఉబ్బి, పైన అచ్చును చీల్చుకుని వస్తుంది. కారు ఎక్కని నడకదారికి మెష్ అక్కర్లేదు, జాయింట్లు దగ్గర దగ్గరగా కోయించి పాలీప్రొపిలీన్ ఫైబరు కలిపిస్తే చాలు. సిమెంటు స్లాగ్ సిమెంటు, అంటే ఉక్కు కొలిమి చిట్టెం నూరి కలిపినది, తీసుకోండి, ఉప్పును లోపలికి దిగనివ్వడంలో అది గట్టిపిండం. స్టీల్ ప్లాంటు ఉన్న ఊళ్లో దానికి కరువేం లేదు. ఇదే సలహా మీ అల్లుడుగారికి ఇవ్వకండి. మంచు ఉప్పు చల్లే చోట స్లాగు సగానికి మించితే పైపొర పెచ్చులూడే ప్రమాదం పెరుగుతుందని అక్కడి నిబంధనలు పరిమితి పెట్టాయి. ఇక ఇసుక ఎవరు ఎంత చవగ్గా తెచ్చినా సరే, నాలుక మీద పెట్టి చూసి మరీ దింపించుకోండి, సముద్రపు ఇసుక కలిసిందంటే అన్నీ వృథా.

ఇంకోటి, మన వానలకి గరుకు గాళ్లల్లో నాచు పడుతుంది. లోతైన రాతి అచ్చు కన్నా గీతలు తక్కువున్న అచ్చు ఎంచుకోండి. ముదురు రంగు వద్దు, మే నెలలో చెప్పుల్లేకుండా వాకిట్లోకి దిగితే కాళ్లు బొబ్బలెక్కుతాయి. నాచు పట్టిందని టైల్సు కడిగే యాసిడ్ పోయించకండి, సీలరూ పోతుంది, రంగూ పోతుంది. బ్రష్షు, సబ్బునీళ్లు చాలు. క్యూరింగ్ కూడా మన పద్ధతిలో మడి కట్టి నీళ్లు నిలపకూడదు, రంగు మచ్చలు పడుతుంది. రిలీజ్ పొడి కడిగి ఆరాక క్యూరింగ్ సీలర్ పూయించాలి.

మీ ఆవిడగారితో ఒక్క మాట ముందే తేల్చుకోండి. అచ్చుల మీద ముగ్గు కుదరదు, పిండి గాళ్లలోకి పోతుంది, గీత వంకర తిరుగుతుంది. గుమ్మం ఎదురుగా నాలుగడుగుల చదరం అచ్చు వేయకుండా, సన్నని గరుకుతో సాదాగా వదిలేయమని మేస్త్రీకి చెప్పండి. చుట్టూ రంగు అంచు వస్తే అదీ ఒక డిజైనులాగే కనిపిస్తుంది. కళ్లాపి నీళ్లు వీధివైపు పోయేలా ఆ చదరానికి కూడా వాటం ఉండాలి.

పని ఇక్కడ జనవరి, ఫిబ్రవరిలో పెట్టుకోండి. అక్టోబరు, నవంబరు తుపాన్ల రోజులు, అచ్చు వేసిన గంటకి వాన కొడితే అంతా పోయినట్టే. ఏప్రిల్, మేలో ఎండకి సగం అచ్చులు వేసేసరికే మిగతా సగం బిగుసుకుపోతుంది. తెల్లవారుజామునే కాంక్రీటు పోయడం మొదలుపెట్టి, పొద్దెక్కేలోపు అచ్చుల పని పూర్తయ్యేలా మనుషుల్ని సరిపడా పిలిపించుకోండి. మీ మేస్త్రీ ఇదివరకు స్టాంపింగ్ చేయకపోతే ముందుగా పెరట్లో ఎక్కడైనా ఒక మూడడుగుల పలక పోయించి చూడండి. దాని మీద మోటారో, గ్యాసు బండో పెట్టుకోవచ్చు.